దిగిన ధర ఎక్కడ ఆగింది?

ధరలు పెరగడాన్ని గురించి చెప్పడానికి మన భాషకు మాటల కరువు లేదు. పెట్రోలు మంట అంటాం, వాత అంటాం, మోత అంటాం, ఇటీవల బాదుడు అంటున్నాం. ఈ నాలుగు మాటల వెనకా దెబ్బ తిన్న మనిషి ఉన్నాడు. ధర తగ్గిన రోజున మాత్రం మన పత్రికలకు ఊరట అనే ఒక్క పొడి మాటే దొరుకుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ తేడా మొదట పదసంపదకు సంబంధించిన విషయంగానే తోచింది. ఆలోచించగా, అనుభవంలో ఉన్న లోటే భాషలోకి వచ్చిందని అర్థమైంది. ధర పెరిగితే ఒంటికి తగులుతుంది. తగ్గితే వార్తగా వినిపిస్తుంది.

ఎందుకు ఇట్లా జరుగుతుంది? ప్రపంచ మార్కెట్టులో ముడిచమురు ధర కుప్పకూలిన సందర్భాలు ఈ శతాబ్దంలోనే మన కళ్లముందు కనీసం రెండున్నాయి. 2014 జూన్‌లో పీపా 110 డాలర్లు దాటి ఉన్న బ్రెంట్ రకం చమురు 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి దిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్టులో ఒప్పందాల ధర సున్నా కన్నా కిందికి పోయి, అమ్మేవాడే కొనేవాడికి పీపాకు 37 డాలర్లు ఎదురిచ్చే వింత కూడా జరిగింది. ఆ రెండు కాలాల్లోనూ మా స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో దుక్కి కిరాయి సగం కాలేదు, బస్సు టికెట్టు సగం కాలేదు, ఉప్పు పప్పు సగం ధరకు రాలేదు. మరి తగ్గిన ఆ డబ్బంతా ఏమైంది? అది గాలిలో కలిసిపోయే వస్తువు కాదు గదా! ఎవరో ఒకరి చేతిలోకి పోయి ఉండాలి. ఎవరి చేతిలోకి ఎట్లా పోయిందో, పోయే దారిలో మన జనం అలవాట్లను ఎట్లా మార్చిందో నాకు తెలిసినంతలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అర్థశాస్త్రం నా శాస్త్రం కాదు. కానీ జీవితాన్ని చిత్రించే సాహిత్యాన్ని విమర్శించేవాడు ఆ జీవితానికి ఆధారమైన లెక్కలను పక్కన పెట్టడం కుదరదు.

పీపాకూ బంకుకూ మధ్య

ముందుగా ధర నిర్మాణం తెలుసుకుందాం. ఒక పీపా అంటే సుమారు 159 లీటర్లు. ముడిచమురు కొనుగోలు, శుద్ధి, రవాణా ఖర్చులు కలిపి చమురు కంపెనీ ఒక ధర కడుతుంది. దాని మీద కేంద్రం ఎక్సైజు సుంకం, బంకు యజమాని కమీషను, వీటన్నిటి మీద రాష్ట్రం అమ్మకపు పన్ను (వ్యాట్) పడతాయి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. కేంద్రం పన్ను లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. రాష్ట్రం పన్ను నూటికి ఇంత అని ఉంటుంది. అంచేత చమురు ధర పడితే కేంద్రానికి లీటరు మీద వచ్చేది తగ్గదు. రాష్ట్రానికి మాత్రం దానంతటదే తగ్గుతుంది. కేంద్రం ఆ సందు చూసుకుని సుంకం పెంచుతుంది. రాష్ట్రం తనకు పడిన గండి పూడ్చుకోవడానికి శాతం పెంచుతుంది. ఇద్దరి కారణాలు వేరు, ఫలితం ఒక్కటే.

2014లో లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకం 9.48 రూపాయలు, డీజిలు మీద 3.56 రూపాయలు. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా, అంటే చమురు ధర జారుతున్న ఆ పదిహేను నెలల్లోనే, ఈ సుంకాన్ని 9 సార్లు పెంచారు. మొత్తం పెంపు పెట్రోలు మీద 11.77 రూపాయలు, డీజిలు మీద 13.47 రూపాయలు. 2015 జనవరిలో తెలంగాణ రాష్ట్రం పెట్రోలు మీద వ్యాట్‌ను 31 శాతం నుంచి 35.2 శాతానికి, డీజిలు మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. 2020లో మళ్లీ అదే కథ. మార్చిలో లీటరుకు 3 రూపాయలు, మే నెలలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయలు పెంచడంతో కేంద్ర సుంకం పెట్రోలు మీద 32.98, డీజిలు మీద 31.83 రూపాయలకు చేరింది. అంటే ఆరేళ్లలో డీజిలు మీద సుంకం దాదాపు తొమ్మిది రెట్లయింది. 2014–15లో పెట్రోలియం మీద కేంద్ర ఎక్సైజు రాబడి సుమారు 99 వేల కోట్లు. బండ్లన్నీ ఇంటి ముందు ఆగిపోయిన లాక్‌డౌన్ సంవత్సరం 2020–21లో అది 3 లక్షల 70 వేల కోట్ల దరిదాపులకు పోయింది. తర్వాత 2021 నవంబరులోనూ 2022 మేలోనూ సుంకం కొంత తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో చమురు ధర మళ్లీ పడగానే లీటరుకు 2 రూపాయలు పెంచారు.

ఇది ఒక్క ప్రభుత్వపు తీరు అనుకుంటే పొరపాటు. 1986లో ప్రపంచ చమురు ధర సగానికి పైగా పడిపోయింది. సరిగ్గా ఆ ఏడు ఫిబ్రవరిలోనే మన దేశంలో పెట్రోలియం ధరలు పెంచారు. దేశమంతటా నిరసన లేస్తే కొంత వెనక్కు తీసుకున్నారు. అప్పుడు ధర నిర్ణయించేది ప్రభుత్వం. ఆ పద్ధతి 2002 ఏప్రిల్‌తో ముగిసిందన్నారు. తర్వాత నిర్ణయించేది మార్కెట్టు అన్నారు. ధర నిర్ణయించే చెయ్యి మారింది గాని, తగ్గుదల పైనే ఆగిపోవడం మారలేదు.

మా ఓరుగల్లు ప్రాంతంలో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. అట్లా చివరి ఊరి మడి దాకా చేరతాయి. చమురు ధర తగ్గుదల కూడా ఇట్లాగే ఒక చెరువు నుంచి మరొక చెరువుకు దిగాలి. కానీ ఇక్కడ నీళ్లొచ్చిన ప్రతిసారీ పై చెరువువాడు మత్తడి ఎత్తు పెంచుకుంటున్నాడు. కింది చెరువుకు నీళ్లొచ్చాయన్న కబురు చేరుతుంది, నీళ్లు చేరవు.

ఆ డబ్బుతో ప్రభుత్వం రోడ్లు వేయలేదా, పథకాలు నడపలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2020 మే తర్వాత లీటరు మీద పడిన కేంద్ర సుంకంలో 18 రూపాయలు రోడ్డు, మౌలిక వసతుల సెస్సు పేరు మీదనే ఉన్నాయి. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. రోడ్డు పడ్డ మాట నిజమే. హైదరాబాదు–వరంగల్లు రహదారి నాలుగు వరసలైంది. కానీ జనగామ నుంచి మా వైపు వచ్చే కారు కోమల్ల దగ్గర టోలు కట్టిందాకా గేటు లేవదు. లీటరు మీద రోడ్డుకని ఒకసారి, గేటు దగ్గర రోడ్డుకని మరొకసారి. పైగా ఈ పన్ను పరోక్ష పన్ను. కారులో పోయే కాంట్రాక్టరూ, పత్తి ఏరే కూలీని మోసుకుపోయే ఆటో డ్రైవరూ లీటరుకు ఒకే సుంకం కడతారు. ఆదాయాన్ని బట్టి పన్ను వేయడానికి జంకే రాజ్యం అవసరాన్ని బట్టి పన్ను వేస్తున్నదన్న మాట.

నియమాలు మారే రుతువు

ధర తగ్గే కాలానికి మరొక లక్షణం ఉంది. సామాన్యుడికి రక్షణగా ఉన్న నియమాలు మెల్లగా మాయమయ్యేది ఆ కాలంలోనే. ధర మండుతున్నప్పుడు సబ్సిడీ తీసేస్తే జనం రోడ్డెక్కుతారు. ధర చల్లబడ్డప్పుడు తీసేస్తే ఎవరికీ నొప్పి తెలియదు. నొప్పి తర్వాత, ధర మళ్లీ పెరిగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి నియమం చరిత్రలో కలిసిపోయి ఉంటుంది.

డీజిలు ధర మీద నియంత్రణ ఎత్తివేసింది 2014 అక్టోబరులో. ఆ నిర్ణయంతో పాటు లీటరుకు 3.37 రూపాయలు తగ్గింది. డీజిలు ధర తగ్గడం అయిదేళ్ల తర్వాత అదే మొదటిసారి. నెల తిరక్కుండానే, నవంబరులో, మొదటి సుంకం పెంపు వచ్చింది. రేషను కిరసనాయిలు సంగతి చూడండి. 2016 జూలై నుంచి దాని ధరను విడతకు పావలా చొప్పున పెంచుకుంటూ పోయారు. పావలా కోసం ఎవరు ధర్నా చేస్తారు?

వంటగ్యాసు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ. సిలిండరుకు పూర్తి ధర కట్టించుకుని సబ్సిడీ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి ఉండేది. 2020 మే నెలలో ప్రపంచ ధర పడిపోయి, ఢిల్లీలో సిలిండరు 581.50 రూపాయలకు దిగింది. మార్కెట్టు ధర సబ్సిడీ ధరకు సమానమైంది కాబట్టి ఇక ఖాతాలో వేయవలసింది ఏమీ లేదన్నారు. లెక్క ప్రకారం అది సబబే. కానీ 2022 మే నాటికి సిలిండరు వెయ్యి దాటినా ఆగిన సబ్సిడీ అందరికీ తిరిగి రాలేదు. ఉజ్జ్వల లబ్ధిదారులకు మాత్రం ఆ నెలలో 200 రూపాయలు ప్రకటించారు. ఇక్కడ తగ్గిన ధర చేసిన పని ఏమిటి? ఒక హక్కును సద్దు లేకుండా రద్దు చేయడం.

మాది పేరులోనే స్టేషన్ ఉన్న ఊరు. నైజాం రైలు మార్గం 1880లలో కాజీపేట మీదుగా బెజవాడకు సాగినప్పటి నుంచి రైలే ఈ ఊరికి ఆనవాలు. ఈ మార్గంలో పాసింజరు బండి కూలీలది, పాలవాళ్లది, విద్యార్థులది. 2020 మార్చిలో బండ్లు ఆగాయి. తిరిగి పట్టాలెక్కినప్పుడు పాసింజరు బండికి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టారు. కనీస టికెట్టు 10 రూపాయల నుంచి 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలో గాని పాత 10 రూపాయలు తిరిగి రాలేదు. అంటే చమురు అత్యంత చవకైన ఏడాదిలో మొదలైన మార్పు పేదవాడి ప్రయాణాన్ని అప్పటిదాకా మూడింతల ప్రియం చేసింది. రైలు కరెంటుతో నడుస్తుంది, దానికీ చమురుకూ సంబంధం లేదనవచ్చు. నిజమే. ధరకూ ఖర్చుకూ మధ్య సంబంధం ఎంత పలుచనిదో చూపడానికే ఈ ఉదాహరణ.

ధర నిర్ణయించేది మార్కెట్టు అన్న మాట సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ ధరలు వచ్చాయి. రోజుకు కొన్ని పైసలు పెరిగేది, తగ్గేది. పైసల్లో జరిగే మార్పు కంటికి ఆనదు. అయితే 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా, నాలుగున్నర నెలలు ఆ రోజువారీ ధర కదలలేదు. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల మాత్రం 14 సార్లు పెరిగి లీటరుకు 10 రూపాయలైంది. మార్కెట్టుకు ఎన్నికల తేదీలు తెలుసునన్న మాట! తర్వాత ముడిచమురు దిగివచ్చినా బంకు ధర చాలాకాలం అక్కడే ఉంది. 2022లో నష్టాలు చూపిన మూడు ప్రభుత్వ చమురు కంపెనీలు 2023–24లో కలిసి దాదాపు 81 వేల కోట్ల లాభం చూపాయి. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, లీటరుకు 2 రూపాయలు తగ్గించారు.

ఘన్‌పూర్‌లో చమురు ఎక్కడెక్కడ ఉంది?

ఇక పల్లెలోకి దిగుదాం. ఒకప్పుడు బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. ఇప్పుడు నీళ్లు తోడేది కరెంటు మోటారు. చెరువులు నింపేది దేవాదుల ఎత్తిపోతల. అక్కడ డీజిలు ప్రమేయం లేదు. డీజిలు ఉన్నది దుక్కిలో, కరిగెటలో, వరికోత మిషన్‌లో, వడ్లు కొనుగోలు కేంద్రానికీ పత్తి మార్కెట్టుకూ చేర్చే ట్రాలీలో, కూలీలను చేను దగ్గర దింపే ఆటోలో. ఎడ్లు పోయిన ఊళ్లో రైతుకు డీజిలు ఎరువంత అవసరం.

ఒక లెక్క వేసుకుందాం. ఎకరం దున్నడానికి 5 లీటర్ల డీజిలు పడుతుందనుకుందాం. లీటరుకు 10 రూపాయలు తగ్గితే ఎకరానికి 50 రూపాయలు తగ్గాలి. పెరిగినప్పుడు ట్రాక్టరు యజమాని 50 పెంచడు, 100 పెంచుతాడు. చిల్లర దగ్గర పేచీ ఎందుకని కిరాయి ఎప్పుడూ వందల్లోనే కదులుతుంది. తగ్గినప్పుడు 50 కోసం పాత కిరాయిని వంద తగ్గించడు, యాభై కూడా తగ్గించడు. ఎందుకు తగ్గించడని అడిగితే అతని జవాబులోనూ నిజం ఉంది. డీజిలు తగ్గింది గాని టైరు ధర తగ్గలేదు, డ్రైవరు కూలి తగ్గలేదు, ఫైనాన్సు కిస్తు తగ్గలేదు. ఊళ్లో ట్రాక్టరున్న చాలామంది మోతుబరులు కారు. రెండెకరాల పొలం, అప్పు మీద తెచ్చిన ట్రాక్టరు ఉన్న మధ్యరకం రైతులు. దిగిన ధరలో కొంత వాళ్ల చేతికి వచ్చినా అది కిస్తు రూపంలో ఫైనాన్సు కంపెనీకి పోతుంది. కాబట్టి ఈ దోపిడీ కథలో ట్రాక్టరు యజమానిని ప్రతినాయకుణ్ణి చేసే రచయిత సగం దూరమే నడిచినట్లు.

ధర పైకి పోయేటప్పుడు తారాజువ్వలా పోతుందనీ, దిగేటప్పుడు పక్షి ఈకలా దిగుతుందనీ ఆర్థికవేత్తల్లో ఒక వాడుక ఉంది. దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి సంఘటిత శక్తి అని నేను అనుకుంటున్నాను. డీజిలు పెరిగితే లారీవాళ్లకు సంఘం ఉంది, కోత మిషన్లవాళ్ల మధ్య మాట ఉంది, ఆటోవాళ్లకు అడ్డా ఉంది. ఒక్క పూటలో కొత్త రేటు ఖాయమవుతుంది. డీజిలు తగ్గితే కిరాయి తగ్గించమని అడగడానికి దున్నించుకునే రైతుకు సంఘం లేదు, బస్సెక్కేవాడికి సంఘం లేదు, ఉప్పు పప్పు కొనేవాడికి అసలే లేదు. తగ్గిన ధర దానంతటది కిందికి దిగదు, అడిగేవాళ్లుంటేనే దిగుతుంది.

మనది అనుకున్న ఆర్టీసీ బస్సుకు కూడా దిక్కు లేకపోయింది. 2022 మార్చిలో టోకుగా కొనే సంస్థలకు డీజిలు చిల్లర ధరకన్నా లీటరుకు 25 రూపాయలకు పైగా ప్రియమైంది. వందమందిని మోసే బస్సుకు ఒక రేటు, ఒక్కడు కూర్చునే కారుకు అంతకన్నా చవక రేటు! ఏప్రిల్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు టికెట్టు మీద 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద 5 రూపాయలు డీజిల్ సెస్సు వేసింది. మే 21న కేంద్రం డీజిలు మీద 6 రూపాయల సుంకం తగ్గించింది. జూన్‌లో ఆర్టీసీ సెస్సు తగ్గకపోగా దూరాన్ని బట్టి ఇంకా పెరిగింది. సుంకం తగ్గిందన్న వార్తకూ చేతిలోని టికెట్టుకూ మధ్య ఎంత దూరమో ఆ మూడు వారాల్లో తెలిసింది.

నూరు రూపాయల పెట్రోలు

ఇప్పుడు వాడకం సంగతి. నగరంలో కారున్నవాడు "ఫుల్ ట్యాంక్" అంటాడు. అతనికి ధర తగ్గితే బిల్లు తగ్గుతుంది, ఆదా కనబడుతుంది. మా దగ్గర బంకులో మోటారు సైకిలు ఆపినవాడు లీటర్ల లెక్కన అడగడు. "నూరు రూపాలది కొట్టన్నా" అంటాడు. ధర ఎంతైనా జేబులో నుంచి పోయేది ఆ నూరే. ధర తగ్గితే నాలుగు చుక్కలు ఎక్కువ పడతాయి, పెరిగితే ఇంటికి చేరకముందే బండి రిజర్వులోకి వస్తుంది. అంచేత అతని అనుభవంలో తగ్గుదలకు ఆదా అనే రూపం లేదు. ఇంకొంచెం తిరగగలిగిన దూరమనే రూపం ఉంది. బంకు లేని ఊళ్లలో కిరాణా కొట్టు ముందు సీసాల్లో అమ్మే పెట్రోలుకు ఆ మాత్రం కదలిక కూడా ఉండదు. సీసా ధర గుండు అంకెలో ఉంటుంది, గుండు అంకె పైకే పోతుంది.

ఈ ఇంకొంచెం దూరమే అలవాట్లను మారుస్తుంది. చమురు కాస్త చవకగా ఉన్న రెండేళ్లలో మోటారు సైకిలు వాయిదాల మీద ఇంటికొస్తుంది. దానితో పిల్లవాడు దూరపు కాలేజీలో చేరతాడు, ఇల్లాలు దూరపు సంతకు పోతుంది, పెద్దవాడు హన్మకొండ ఆసుపత్రికి పోతాడు. ఇవన్నీ మంచి మార్పులే, నేను కాదనను. కానీ నడిచిపోయే దూరంలో ఉన్న అంగడి, సైకిలు బాగుచేసే దుకాణం, రెండు పూటలా వచ్చే బస్సు ఈ లోపల పలుచబడతాయి. తర్వాత పెట్రోలు వంద దాటినప్పుడు వెనక్కి పోవడానికి దారి ఉండదు. ధర తగ్గి పెరగవచ్చు, అలవాటు తిరిగి తగ్గదు. ధర పెరిగితే వాడకం తగ్గించుకోండని సలహా ఇచ్చే పెద్దలు గమనించవలసింది ఇదే. పల్లెలో పెట్రోలు వాడకం విలాసం అయ్యే దశ ఎప్పుడో దాటిపోయింది. అప్పుడు తగ్గేది పెట్రోలు కాదు, పళ్లెంలో కూర.

చవక ప్రయాణం నిజంగా చేతికందితే ఏమవుతుందో చూడాలంటే ఇంకో ఉదాహరణ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. చమురు మార్కెట్టుతో సంబంధం లేకుండా, ఒక నిర్ణయంతో, ప్రయాణం ధర సున్నా అయింది. ఆర్నెల్లకొకసారి తల్లిగారింటికి పోయే మనిషి నెలకొకసారి పోవడం, ఆసుపత్రికి తోడు లేకుండా పోగలగడం నేను నా విద్యార్థుల ఇళ్లలోనే చూశాను. అదే సమయంలో ఆటోవాళ్ల గిరాకీ పడిపోయింది, రాష్ట్రమంతటా వాళ్లు ఆందోళనకు దిగారు. వాళ్లూ కిస్తులు కట్టుకునే శ్రామికులే. ఒక శ్రామికురాలికి దక్కిన మేలు ఇంకో శ్రామికుడి అన్నంలో నుంచి రాకుండా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అయినా ఈ అనుభవం ఒక సంగతి రుజువు చేసింది. ధర తగ్గుదల జనం దాకా చేరాలన్న సంకల్పం ఉంటే చేరుతుంది. చేరకపోవడం ప్రకృతి నియమం కాదు.

చవక చమురు, చవక పత్తి

ఇంతవరకు తగ్గుదల మనకు చేరకపోవడం గురించి మాట్లాడుకున్నాం. అది చేరే దారి ఒకటి లేకపోలేదు. నష్టం రూపంలో చేరుతుంది.

మాది పత్తి నేల. పత్తికి ప్రపంచ మార్కెట్టులో పోటీ పాలియెస్టర్. పాలియెస్టర్ నూలుకు ముడిసరుకు చమురు నుంచే వస్తుంది. చమురు చవకైతే పాలియెస్టర్ చవకవుతుంది, మిల్లువాడు నూలులో పత్తి పాలు తగ్గిస్తాడు, పత్తి ధర మీద ఒత్తిడి పడుతుంది. 2014–15లో పత్తి ధర పడిపోవడానికి అసలు కారణం చైనా తన నిల్వల విధానం మార్చుకుని కొనుగోళ్లు తగ్గించడం. ఆ పడుతున్న ధరకు చమురు పతనం తోడైంది. క్వింటాలుకు 4,050 రూపాయల మద్దతు ధర కూడా బయట దొరకక, పత్తి సంస్థ (సీసీఐ) దేశంలో 80 లక్షల బేళ్లకు పైగా కొనవలసి వచ్చింది. ఆ సంవత్సరం వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు తెచ్చిన రైతు ఒక చేత్తో తగ్గని ట్రాలీ కిరాయి కట్టాడు, రెండో చేత్తో తగ్గిన పత్తి ధర తీసుకున్నాడు. చమురు ధర దిగడం అతనికి అమ్మేచోట తెలిసింది, కొనేచోట తెలియలేదు.

రెండో దారి గల్ఫ్. మా జనగామ ప్రాంతంకన్నా పాత కరీంనగర్, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలకు ఇది ప్రాణసమస్య. చమురు ధర పడితే అరబ్బు ప్రభుత్వాల రాబడి పడుతుంది, కట్టడాల పనులు ఆగుతాయి. 2016లో సౌదీ అరేబియాలో వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక శిబిరాల్లో చిక్కుకుపోతే, మన దౌత్య కార్యాలయం వాళ్లకు తిండిగింజలు పంపవలసి వచ్చింది. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం విదేశాల నుంచి మన దేశానికి కార్మికులు, ఉద్యోగులు పంపిన డబ్బు 2015లో 6,890 కోట్ల డాలర్లు, 2016లో 6,270 కోట్ల డాలర్లు. ఆ తగ్గిన డబ్బు ఎక్కడో కట్టడం ఆగిన ఇంటి గోడ, ఎక్కడో వాయిదా పడిన పెండ్లి. చవక పెట్రోలు వార్త చదివి ఢిల్లీలో సంతోషించిన రోజే, కోరుట్లలోనో కామారెడ్డిలోనో ఒక ఇల్లు ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

కనుక, చమురు ధర తగ్గడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరైన ప్రశ్న కాదు. ధర పెరిగినా తగ్గినా సమాజంలోని శక్తుల బలాబలాలను బట్టే లాభనష్టాలు పంపకమవుతాయి. పెరిగినప్పుడు భారం కిందికి పోతుంది, తగ్గినప్పుడు లాభం పైన నిలిచిపోతుంది. అడగవలసిన ప్రశ్న మత్తడి ఎత్తు ఎవరు నిర్ణయిస్తున్నారన్నది.

చమురు చవకగా ఉండాలని కోరడం పర్యావరణానికి చేటు కదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చమురు తక్కువ కాల్చాలన్న మాట నాకు సమ్మతమే. అందుకు దారి పాసింజరు బండి కనీస టికెట్టు 30 రూపాయలు చేయడం కాదు, బస్సుకు కారుకన్నా ప్రియంగా డీజిలు అమ్మడం కాదు. పన్ను వేసినవాడు ఆ పన్నును బస్సు మీద, రైలు మీద పెడితే వాదనకు బలం ఉంటుంది. కోరవలసినవి కొన్ని స్పష్టంగా ఉన్నాయి. చమురు పన్నులో రాష్ట్రాల వాటాకు అందని సెస్సుల భాగం తగ్గాలి. ధర పడినప్పుడు సుంకం పెంచితే ఆ రాబడిలో ఇంత భాగం ప్రజారవాణాకని ముందే చట్టం చెప్పాలి. ఆర్టీసీ డీజిల్ సెస్సు డీజిలుతో పాటు పెరిగినట్లే డీజిలుతో పాటు తగ్గాలి.

చివరగా నా తోటి రచయితలతో ఒక మాట. ధరలు పెరిగిన కథలు మన సాహిత్యంలో చాలా ఉన్నాయి, వాటి అవసరం తీరలేదు. ధర తగ్గిన కథ రాయడం కష్టం, ఎందుకంటే దానిలో ఏడుపు లేదు, ఊరేగింపు లేదు. నూరు రూపాయల పెట్రోలు పోయించుకున్నవాడి జేబులో, తగ్గని దుక్కి కిరాయిలో, ఖాతాలో పడకుండా పోయిన గ్యాసు సబ్సిడీలో ఆ కథ ఉంది. దెబ్బ తగిలినప్పుడు రాయడం మనకు వచ్చు. రావలసింది రాకుండా పోయినప్పుడు కూడా రాయడం నేర్చుకుంటే, ఊరటకు బదులు వాడదగిన మాట మన భాషకు జనమే ఇస్తారు.